రెండో బ్రేకు

అద్దాన్ని బొటనవేలితో గింజంత కుడికి జరిపి, తల సీటుకు ఆనించి చూసుకుని, మళ్ళీ అర గింజంత వెనక్కి తెచ్చాడు మాస్టారు. ఆ కారులో వెనక రోడ్డు చూసే అద్దాలు రెండున్నాయి. పైది నడిపేవారికి, దాని కింద బంకతో అతికించిన చిన్నది పక్కన కూర్చునే ఆయనకు. షెడ్డులో ఎవరు బండి తుడిచినా ఈ చిన్న అద్దం ఒరిగిపోతుంది. దాన్ని సరిచేయడంతో ఆయన రోజు మొదలవుతుంది. తరవాత కాళ్ళ దగ్గరికి వంగి, తన వైపున్న బ్రేకును అరచేత్తో ఒకసారి నొక్కి వదిలాడు.

ఇదివరకు ఆ పని కాలితో చేసేవాడు.

రెండో బ్రేకంటే పెద్ద యంత్రమేమీ కాదు. రబ్బరు తొడుగు వేసిన ఇనుప రేకు ఒకటి, దాన్ని నడిపేవారి బ్రేకుతో కలిపే కడ్డీ ఒకటి. ఇక్కడ నొక్కితే అక్కడ నొక్కినట్టే. ఆ సంగతి తెలియని ఒకావిడ, తన కాలు పెట్టకముందే బ్రేకు దానంతటది కిందికి దిగడం చూసి, బండికి దయ్యం పట్టిందని తలుపు తీసుకుని రోడ్డు మీదికి దిగిపోయింది. మాస్టారు ఆవిడను వెనక్కి పిలిచి, వంగి చూడమని, ఆ కడ్డీని వేలితో తట్టి చూపించాడు. "దయ్యం ఇదేనండీ. మూరెడు పొడవుంటుంది. అప్పుడప్పుడు నూనె పోస్తే చాలు, ఇంకేమీ అడగదు." ఆవిడ ఆ తరవాత చక్కగా నేర్చుకుంది. చాలా దయ్యాలు అలా కడ్డీలుగా తేలినవే అని మాస్టారి నమ్మకం. తేలనివి కూడా, ఎవరూ వంగి చూడక మిగిలినవని ఆయన అనుమానం.

ఆయన వయసులో ఉన్నప్పుడు రొట్టెల కార్ఖానా వ్యాను నడిపేవాడు. డ్రైవింగు స్కూలు పెట్టిన పెద్దాయన ఒకనాడు ఏదో పని మీద ఆ వ్యానులో ఎక్కి, ఖాళీ వీధిలో బండి ఎందుకు నెమ్మదించావని అడిగాడు. "ఆ ఇంటి గేటు తీసి ఉందండీ. తీసిన గేటంటే ఎవరో ఒకరు ఇంకా బయటికి రావాలి" అన్నాడు మాస్టారు, అప్పటికి మాస్టారు కాని కుర్రవాడు. పెద్దాయన గడ్డం గోక్కుని, "నువ్వు నడపకు, పక్కన కూర్చో. ఇది నలుగురికి చెప్పు" అన్నాడు. అలా కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. తోటి పనివాళ్ళు సొంత టాక్సీలు కొనుక్కున్నారు, బస్సులకు వెళ్ళారు. ఈయన మాత్రం జీవితమంతా ప్రయాణం చేసి, ఎక్కడికీ వెళ్ళకుండా, తిరిగి తిరిగి అదే షెడ్డుకు వచ్చాడు. ఆయన బావమరిది ఎక్కడ కనిపించినా "ఏం పక్కసీటూ, బాగున్నావా?" అని పలకరిస్తాడు. ఆ బావమరిది కారెక్కినప్పుడల్లా మాస్టారి కుడికాలు దానంతటది నేలను తొక్కేది. "బావా, కాస్త మెల్లిగా. నా కారు అడుగు ఊడి రోడ్డు మీద పడితే నువ్వూ నేనూ పరిగెత్తుకుంటూ పోవాలి" అనేవాడతడు.

ఎంతమందికి నేర్పాడో ఆయన లెక్కపెట్టుకోలేదు. ఒక చిత్రం మాత్రం గమనించాడు. తన దగ్గర నేర్చుకున్నవాళ్ళు బజారులో ఎదురుగా వచ్చి నమస్కారం పెడితే ఆయన గుర్తుపట్టలేడు. వాళ్ళు పక్కకు తిరిగి నిలబడితే చాలు, ఠక్కున తెలిసిపోతుంది: చెవి తమ్మె, చెంప మీది మచ్చ, భయపడినప్పుడు గట్టిగా బిగుసుకునే దవడ. మనుషులను ఆయన ఒక్కవైపు నుంచే ఎరుగును.

తన పనికి ఫలితమేమిటన్న ప్రశ్న కూడా ఆయనకు అప్పుడప్పుడు వచ్చేది. వడ్రంగి కుర్చీ చూపిస్తాడు, వంటమనిషి వంట చూపిస్తుంది. తను నేర్పింది పనిచేసిందనడానికి రుజువేమిటంటే, ఏమీ జరగకపోవడం. జరగని ప్రమాదానికి సాక్షులుండరు. తప్పించుకున్నవాడికి తాను తప్పించుకున్నానని తెలియదు. ఇంటికెళ్ళి, చెప్పులు విడిచి, అన్నం పెట్టమంటాడు. పోనీ అది తన బోధవల్లనే జరిగిందని అనడానికీ లేదు. నేర్చుకోనివాళ్ళు కూడా చాలామంది ఏ రోజుకారోజు క్షేమంగానే ఇల్లు చేరుతున్నారు. కనుక మాస్టారు గొప్పలు చెప్పుకునేవాడు కాదు. తెలియనిదాన్ని తెలియనట్టే ఉంచి, పొద్దున్నే వచ్చి అద్దం సర్దుకునేవాడు.

కానీ ఈమధ్య ఆయన తెలిసినదాన్ని కూడా తెలియనట్టు ఉంచుతున్నాడు.

కొన్ని వారాల కిందట మేడ మెట్లు దిగి వీధి మలుపు దాకా వెళ్ళాక, భార్య పైనుంచి కేకేసింది. "ఏమండీ, ఒక్క చెప్పుతో ఎక్కడికి బయలుదేరారు? రెండోది అలిగిందా?" చూసుకుంటే కుడికాలికి చెప్పు లేదు. అది మెట్ల మధ్యలో బోర్లాపడి ఉంది. కాలు గరుకు నేల మీద అంత దూరం నడిచి కూడా ఆయనకా సంగతి చేరవేయలేదు. ఆయన నవ్వేశాడు. భార్య నవ్వలేదు, డాక్టరు దగ్గరికి పంపింది. చక్కెర జబ్బు పాతదే. డాక్టరు ఆయనను పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, నైలాను పోగుతో అరికాలు తాకుతానని, తగిలినప్పుడల్లా చెప్పమని అన్నాడు. మాస్టారు బుద్ధిగా కళ్ళు మూసుకుని ఎదురుచూశాడు. ఎంతకీ ఏమీ జరగకపోయేసరికి, "మొదలుపెడతారా అండీ?" అని అడిగాడు.

"అయిపోయింది" అన్నాడు డాక్టరు.

నరాలు అబద్ధం చెప్పవు, ఊరికే మాట్లాడటం మానేస్తాయి. రోజూ కాళ్ళు చూసుకోమని, గాయం కానివ్వవద్దని చెప్పి, మందులు రాస్తూ డాక్టరు యథాలాపంగా అడిగాడు. "ఏం పని చేస్తారు?"

"పాఠాలు చెబుతానండీ."

"మంచిది. నిలబడి చెప్పకండి. కూర్చుని చెప్పండి."

"కూర్చునే చెబుతాను."

ఆ మాటల్లో ఒక్క అబద్ధం లేదు. అదే ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. ఇంటికి వచ్చాక బరువు తూచే యంత్రాన్ని గోడకు ఏటవాలుగా ఆనించి, కుర్చీలో కూర్చుని, కుడికాలితో తొక్కి చూశాడు. ముల్లు బాగానే తిరిగింది. కాలికి బలముందని తేలింది. తొక్కుతున్నదీ లేనిదీ కాలికి తెలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. దాన్ని ఆ యంత్రం చెప్పలేదు, ఆయనా అడగలేదు. కోరిన జవాబు రాగానే పరీక్ష ఆపేసేవాణ్ణి ఏమంటారో ఆయనకు తెలియక కాదు. చెబితే ఆ సీటు పోతుంది. ఆ సీటు పోతే, ఇక తనను ఎవరని చెప్పుకోవాలో ఆయనకు తెలియదు.

మొదటి పాఠం బట్టలకొట్టు ఆయనది. భారీ మనిషి, ఆయన కూర్చోగానే కారు ఒక పక్కకు ఒరిగి నిట్టూర్చింది.

"మాస్టారూ, నాకు ఈ నేర్చుకోవడాలూ అవీ వద్దు. లైసెన్సొస్తే చాలు. నడపడానికి డ్రైవర్ని పెట్టుకుంటా."

"మరి లైసెన్సు దేనికండీ?"

"మా తోడల్లుడికుంది."

మాస్టారు తల ఊపాడు. ఆ కారణంతో వచ్చినవాళ్ళు ఇదివరకూ ఉన్నారు. పెద్దరోడ్డు ఎక్కగానే బట్టలకొట్టు ఆయన ముందున్న ఇసుక లారీకి దూడలా అంటుకుని నడపసాగాడు. ఆ లారీ వెనక తలుపు మీది మేకులు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి.

"కొంచెం వెనక్కి ఉండండి."

"ఏం కాదు మాస్టారూ. రాసిపెట్టి ఉంటే మంచం మీద పడుకున్నా తప్పదు."

"కావచ్చునండీ. కానీ ఆ రాసేవాడికి కూడా రాయడానికి కాస్త ఖాళీ ఉండాలి కదా. లారీకీ మనకీ మధ్య కొంచెం వదలండి."

బట్టలకొట్టు ఆయన పొట్ట కదిలేలా నవ్వి, కాలు తీశాడు. లారీ దూరం జరిగింది. దాని కింద చక్రాలు, చక్రాల మధ్య రోడ్డు, రోడ్డు మీది గుంట కనిపించాయి. "అరె, గుంటుందే!" అన్నాడాయన. "ఎప్పుడూ ఉందండీ. ఇప్పుడు చూడటానికి తీరికైంది" అన్నాడు మాస్టారు.

తిరిగివచ్చేటప్పుడు ఆయన ముక్కు ఎగబీల్చి, "ఏదో మాడుతోంది. బండి కూడా లాగట్లేదు. ముసలిదైపోయిందండీ మీ కారు, మనలాగే" అన్నాడు. క్లచ్చు మీద కాలు పెట్టి ఉంచుతున్నారేమో చూసుకోమన్నాడు మాస్టారు. ఆయన చూసుకుని, ఏమోనన్నాడు.

తరవాత పాఠం ఆయమ్మది. బడి వ్యానులో పిల్లలను ఎక్కించి దించే మనిషి. నలభై దాటాయి, చేతులు సన్నంగా, బలంగా ఉంటాయి. ఇన్నేళ్ళూ ఆమె కూడా పక్కసీటులోనే ప్రయాణం చేసింది, ఒక చేత్తో ఫోనూ ఇంకో చేత్తో స్టీరింగూ పట్టుకునే డ్రైవరు పక్కన. "బండి ఊగినప్పుడల్లా పిల్లలు నా చెయ్యి పట్టుకునేవాళ్ళు మాస్టారూ. నేనేం పట్టుకోవాలి? నేను దేవుణ్ణి పట్టుకునేదాన్ని" అని మొదటిరోజే చెప్పింది. ఆ డ్రైవరు నెలాఖరుకు మానేస్తున్నాడు. నువ్వు లైసెన్సు తెచ్చుకుంటే వ్యాను నీకే ఇస్తానని బడి పెద్దమ్మగారు మాటిచ్చింది. పరీక్ష ఈ మధ్యాహ్నమే.

మాస్టారి పాఠంలో ఒక పద్ధతి ఉంది. నడుపుతూ, చూసిందల్లా పైకి చెప్పాలి. చూడనిది నోటికి రాదు. నోటికి రానిది చూడలేదని ఆయనకు తెలిసిపోతుంది. చాలామంది సిగ్గుపడి గొణుగుతారు. ఆయమ్మకు ఆ సమస్య లేదు.

"ముందు స్కూటరు. ముగ్గురెక్కారు. మధ్యవాడు నిద్రపోతున్నాడు, వాడికి దణ్ణం. ఎడమ పక్క ఆటో ఆగింది, తలుపు తీసినా తియ్యొచ్చు. ఎదర కుక్క. కుక్క నన్ను చూసింది. ఆ పెద్దమనిషి చూళ్ళేదు."

"పెద్దమనిషికి?"

"హారన్ కొట్టను. కొడితే అదిరిపడి ఇటే వస్తాడు. మెల్లిగా పోతా."

"ఊఁ."

"బస్సాగింది. దిగుతున్నారు. దాని ముందునుంచి ఎవరైనా..." ఆమె మెడ సాచి, ఆగిన బస్సు అడుగుకేసి చూసింది. ఆయన నేర్పిందే అది: మనిషి కనిపించకపోయినా, బండి కింద కాళ్ళు కనిపిస్తాయి. "ఉన్నాయి. రెండు పాదాలు. చేతికర్ర కూడా. ఆపేస్తున్నా మాస్టారూ."

కారు ఆగింది. బస్సు ముందునుంచి కర్ర, కర్ర వెనక ఒక ముసలావిడ, ఎటూ చూడకుండా, తన లోకంలో తను రోడ్డు దాటి వెళ్ళింది. ఆవిడకు ఏ కారూ గుర్తుండదు. మాస్టారికి ఛాతీలో ఎప్పటిలాగే చిన్న వెచ్చదనం కలిగింది. ఆ వెచ్చదనంతోపాటే, కిటికీలోంచి మాడు వాసన కూడా లోపలికి వచ్చింది. పొద్దుటి వాసనే, ఇప్పుడు ఘాటుగా ఉంది.

"ఆయమ్మా, మీ కాలు బ్రేకు మీద ఆనుతోంది. రెండు వారాలుగా చెబుతూనే ఉన్నాను."

"లేదు మాస్టారూ, కిందుంది."

"కాలికి తెలియకుండా ఆనుతుందమ్మా. కొత్తలో అందరికీ అంతే."

ఆమె వంగి చూసుకోబోయి, నడిపేటప్పుడు కిందికి చూడకూడదని గుర్తొచ్చి, తమాయించుకుంది. కాసేపు నడిపింది. వాసన పోలేదు. ఆయన మళ్ళీ చెప్పాడు, ఇంకాస్త మృదువుగా. ఆ మృదుత్వమే ఆమెను ఎక్కువ బాధించినట్టుంది. చూసింది చెప్పడం మానేసింది. రెండు కూడళ్ళు నిశ్శబ్దంగా దాటాక సూచిక వేసి, అద్దం చూసి, తప్పు పట్టడానికి వీల్లేనంత పద్ధతిగా బండి పక్కకు ఆపింది.

"మాస్టారూ, టెస్టు వద్దులెండి."

"అదేమిటమ్మా?"

"నా కాలు కిందుందనే అనుకుంటున్నా. మీరేమో పైనుందంటున్నారు. మీరు అబద్ధం చెప్పరు కదా. మరి నా కాలెక్కడుందో నాకే తెలీకపోతే, వెనకాల అంతమంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఏం మొహం పెట్టుకుని నడపను? ఇంకా ఆయాగానే ఉంటాలెండి. దేవుణ్ణి పట్టుకోవడం అలవాటే."

ఆమె మాటలో తర్కం నిర్దుష్టంగా ఉంది. ఎవరికి వర్తిస్తుందన్నదే తేలవలసి ఉంది. "ముందు చక్రం చూపిద్దాం. ఆ తరవాత మాట్లాడుకుందాం" అన్నాడు.

మెకానిక్కు షాపు షెడ్డుకు నాలుగు అంగల్లోనే ఉంది. బనీను మీద ఉన్న అతను మసిచేతిని ముందు చక్రం దగ్గరగా పెట్టి, ఠక్కున వెనక్కి తీసుకున్నాడు. "అబ్బో, దోసె పోయొచ్చు... కాదులెండి, నా చెయ్యే కాలుతుంది. మొన్నేగా మార్చాను మాస్టారూ బ్రేకులు? అప్పుడే అరగదీశారు. ఎవరిదీ పుణ్యం?"

ఆయమ్మ తల వంచుకుని నిలబడింది.

మెకానిక్కు కారు చుట్టూ తిరిగాడు. కింద పడుకుని కడ్డీ కదిపి చూశాడు, లేచి వీపు దులుపుకున్నాడు. "అమ్మా, మీరిలా పక్కన నిలబడండి. మాస్టారూ, మీరు మీ సీట్లో కూర్చోండి. ఎప్పుడూ కూర్చున్నట్టే. నేను వెనకనుంచి లైట్లు చూస్తా."

మాస్టారు కూర్చున్నాడు. పక్కన స్టీరింగు ముందు ఎవరూ లేరు. చిన్న అద్దంలో మెకానిక్కు తల కనిపిస్తోంది.

"బ్రేకు తొక్కండి."

తొక్కాడు.

"ఆఁ. వదలండి."

వదిలాడు.

"వదలండి మాస్టారూ."

"వదిలానయ్యా."

"వదల్లేదు. లైటు వెలుగుతూనే ఉంది."

ఆయన కిందికి చూశాడు. గుడ్డబూటు వేసుకున్న తన కుడిపాదం రెండో బ్రేకు మీద ఉంది. ఎవరో తెచ్చి అక్కడ పెట్టి మరచిపోయిన వస్తువులా, నింపాదిగా, తన బరువంతా దాని మీద వేసి పడుకుని ఉంది. కాసేపు దాన్నే చూశాడు. అది అక్కడుందని కంటికి తెలుస్తోంది. కాలికి తెలియడం లేదు.

ఇన్నాళ్ళూ ఆయన పాదం ఆ రేకుకు వెంట్రుకవాసి ఎత్తులో గాలిలో ఉండేది. ఏమాత్రం తగిలినా చర్మం చెప్పేది, పాదం లేచేది. ఆ చెప్పేవాడు పోయాక పాదం తన బరువుకు తానే దిగిపోయింది. కారణం, కార్యం, మధ్యలో మూరెడు కడ్డీ. స్టీరింగు ముందు ఎవరినీ కూర్చోబెట్టకుండా చేసిన ఇంతకన్నా శుభ్రమైన పరీక్ష ఉండబోదు. మనసు మరో అడుగు కూడా వేసింది: అక్కరలేనప్పుడు తొక్కి ఉంచడం చిన్న తప్పు. బ్రేకులు మారిస్తే సరిపోతుంది. కానీ తొక్కుతున్నానని తెలియనివాడికి, అక్కర పడిననాడు తొక్కలేదన్న సంగతి మాత్రం ఎలా తెలుస్తుంది?

మెకానిక్కు కిటికీ దగ్గరికి వచ్చి వంగాడు. లోపలికి చూశాడు. పాదం చూశాడు. అతనికి చెప్పనవసరం లేకపోయింది. చాలాకాలంగా ఎరిగిన మనిషి.

"కడ్డీ బిగుసుకుందిలెండి" అన్నాడు మెల్లిగా, ఆయమ్మకు వినిపించేంత మాత్రం పైకి. "పాతదైపోయింది. కాస్త నూనె పోసి వదులు చేస్తా, సరిపోద్ది."

మర్యాద తెలిసిన మనిషి అబద్ధం అది. తలుపు తీసి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మాస్టారు అందులోంచి నడిచి వెళ్ళిపోతే చాలు. మధ్యాహ్నం పరీక్ష ఉంది, రేపు బట్టలకొట్టు ఆయన వస్తాడు, అద్దం ఒరిగి ఉంటుంది. ఆయన ఆ తెరిచిన తలుపు వైపు కాసేపు చూశాడు. తరవాత రెండు చేతులతో మోకాలు పట్టుకుని పాదాన్ని రేకు మీదినుంచి పైకి తీసి, నేల మీద పెట్టాడు.

"కడ్డీ బాగానే ఉందయ్యా" అన్నాడు.

ఆయమ్మ కుళాయి దగ్గర మొహం కడుక్కుంటోంది. ఆయన ఆమె ఎదుటికి వెళ్ళి నిలబడ్డాడు. ఆమెను ఎదురుగా చూడటం ఆయనకదే మొదటిసారి కావచ్చు. ఆమె రెండో కన్ను మొదటిదానికన్నా కొంచెం చిన్నదిగా ఉంది.

"అమ్మా, ఆ కాలు మీది కాదు. నాది. నా పాదానికి స్పర్శ పోయింది. నాకు తెలుసు. బ్రేకు మీద ఉందని తెలియదు గానీ, పోయిందని తెలుసు. ఎవరికీ చెప్పలేదు. మీ కాలు ఎక్కడుందని మీరనుకున్నారో, అక్కడే ఉంది."

ఆయమ్మ కుళాయి కట్టేసింది. ఆమె మొహంలో కోపం వచ్చింది, వెళ్ళింది. జాలి రాబోయి, అది ఆయనకు ఇష్టముండదని గ్రహించి వెనక్కి తగ్గింది.

"బాగుందండీ. రెండు వారాలుగా రాత్రుళ్ళు నా కాలిని నేనే తిట్టుకుంటున్నా" అంది చివరికి. "మా ఆయన కూడా తిట్టాడు దాన్ని. పాపం, దానికి ఎవరు క్షమాపణ చెబుతారు?"

"నేను చెబుతాను" అన్నాడు మాస్టారు.

"కాలికా? వద్దులెండి, చూసేవాళ్ళు నవ్వుతారు." ఆమె చేతులు తుడుచుకుంది. "అయితే మరి, బ్రేకు పట్టుకునున్న బండిని కూడా నేను సరిగ్గానే నడిపానన్నమాట."

"నడిపారు."

"వదిలేస్తే ఇంకా బాగా పోతుందిగా?"

"పోతుంది. అందుకే యాక్సిలరేటరు మీదినుంచి ఇంకాస్త ముందుగా కాలు తియ్యాలి."

"అదిగో, మళ్ళీ పాఠం" అంది ఆయమ్మ.

స్కూలు ఆఫీసులో పెద్దాయన కూతురు ఫోను చెవికి భుజంతో నొక్కి పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతోంది. తండ్రి పోయాక స్కూలు తనే నడుపుతోంది. ఈ బల్ల మీద కూర్చుని కాళ్ళూపిన వయసునుంచీ ఆయనను బాబాయ్ అనే పిలుస్తుంది. మాస్టారు నిలబడే అంతా చెప్పాడు. చూసింది చూసినట్టు, వరుసగా, కారులో నేర్చుకునేవాళ్ళచేత చెప్పించినట్టే: చెప్పు, డాక్టరు, పోగు, బరువు యంత్రం, వాసన, లైటు. ఆమె ఫోను ఎప్పుడో పెట్టేసింది.

"డాక్టరుతో పాఠాలు చెబుతానన్నావా?"

"అన్నాను."

"నీకు అబద్ధం చెప్పడం కూడా రాదు బాబాయ్. నిజాల్తోనే సరిపెట్టుకున్నావు." ఆమె నవ్వబోయి మానుకుంది. "సరే. వేరే బండికి మారుద్దాం. చేత్తో నొక్కే బ్రేకు పెట్టించలేమా? ఏదో ఒకటి ఉంటుంది. నువ్వు లేకపోతే ఈ స్కూల్లో ఏముంది? రెండు కార్లు, నేనూ."

"అమ్మాయ్, నీ కారు నడుపుతున్నవాళ్ళు ఎవరైనా వచ్చి ఇలా అడిగితే నేనేం చెప్పేవాణ్ణి?"

ఆమె ఫోను పక్కకు జరిపింది.

"దిగమనేవాణ్ణి" అన్నాడాయన. "తెలిశాక కూడా కూర్చుంటే అది పొరపాటు కాదు. ఇవాళ ఆయమ్మ పక్కన నువ్వు కూర్చో."

"నేనా? నాకు ఫోన్లు ఎత్తడం తప్ప ఏమొచ్చు?"

"నీకు నేర్పింది నేనే కదా."

"అందుకే భయం" అంది ఆమె. కళ్ళు తుడుచుకుని, డ్రాయరు తీసి తాళంచెవుల గుత్తి ఎందుకో వెతికింది. అది ఆమె చేతిలోనే ఉంది. "రేపు రా. గదిలో కూర్చుని పాఠం చెబుదువు గాని. కారెక్కే ముందు అందరూ నీ మాట విని తీరాలని బోర్డు పెడతా."

"రేపు సంగతి రేపు చూద్దాం."

మెకానిక్కు కొత్త బ్రేకులు వేసి కారు తెచ్చి నిలబెట్టాడు. మాస్టారు చిన్న అద్దాన్ని అమ్మాయి ఎత్తుకు తగ్గట్టు వంచాడు. ఆమె సీటును ముందుకు జరుపుకుంది. ఆయన కాళ్ళ పొడవుకు ఇన్నేళ్ళూ ఆగిన చోటునుంచి పట్టాల మీద అది కిర్రుమంటూ కదిలింది. ఆయమ్మ బెల్టు పెట్టుకుని, ఆయన కోసం చూసింది. పరీక్ష మైదానానికి ఆయనా వస్తే బాగుండునని ఆమె మొహం అడుగుతోంది.

"నేనుంటే మీరు నన్ను చూస్తారు. రోడ్డు చూడండి" అన్నాడు. "నోటితో చెప్పాల్సిన పని లేదివాళ. లోపల చెప్పుకోండి."

"లోపల చెప్పుకుంటే మీకు వినిపించదుగా."

"అదే కదమ్మా పరీక్ష."

వాళ్ళు బయలుదేరారు. గేటు దాటేటప్పుడు బ్రేకు లైటు వెలిగింది, ఆరింది. పూర్తిగా ఆరింది. మాస్టారు అక్కడ నిలబడవలసిన పనేమీ లేక, బస్‌స్టాపుకు నడిచాడు. కుడికాలు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ, కొత్తగా నేర్చుకుంటున్నవాడిలా నడిచాడు.

బస్సు రద్దీగా ఉంది. డ్రైవరు వెనక కిటికీ పక్కన ఎవరో ఆయన తల నెరుపు చూసి సీటు ఇచ్చారు. కూర్చున్నాక, ఇంట్లో ఏమని మొదలుపెట్టాలా అని ఆలోచించాడు. "ఇవాళ ఏం జరిగింది?" అని భార్య రోజూ అడుగుతుంది. "ఏమీ జరగలేదు" అని ఆయన రోజూ చెబుతాడు. ఆ జవాబు ఇద్దరికీ చాలా ఇష్టం. ఇవాళ మొదటిసారి వేరే జవాబు చెప్పాలి. ఆవిడ ముందు తిడుతుంది. తరవాత నీళ్ళు కాచి కాళ్ళు చూస్తుంది. ఆ వరుస ఆయనకు తెలుసు. ఆ ఊహకు మనసు కొంత తేలికపడింది.

పెద్ద కూడలి దగ్గర సిగ్నలు పచ్చనుంచి పసుపుకు మారింది. బస్సు డ్రైవరు దాటేద్దామని వేగం పెంచి, సగంలో మనసు మార్చుకుని గట్టిగా బ్రేకు తొక్కాడు. నిలబడ్డవాళ్ళందరూ గోధుమ చేనులా ముందుకు పడ్డారు. "ఏమయ్యా, మేమేమన్నా మూటలమా?" అని అరిచింది ఒకావిడ. "మూటలైతే కట్టి ఎక్కించేవాణ్ణి" అన్నాడు డ్రైవరు. అందరూ నవ్వారు. మాస్టారు ముందు కడ్డీ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. కుడికాలు నేలను తొక్కిందో లేదో ఆయనకు తెలియలేదు. చూసుకోలేదు కూడా.

కిటికీలోంచి కిందికి చూస్తే, పక్క వరుసలో, పరీక్షకు ముందు ఇంకో చుట్టు తిరుగుతున్నట్టుంది, స్కూలు కారు నెమ్మదిగా వచ్చి గీతకు ఇవతల ఆగుతోంది. పసుపు వెలగకముందే ఆయమ్మ కాలు తీసినట్టుంది. అంత నింపాదిగా వచ్చింది. ఆమె ఒక పక్క మొహం కనిపిస్తోంది. పెదవులు కదులుతున్నాయి. లోపల చెప్పుకోమంటే పైకే చెబుతోంది. పక్కసీటులో అమ్మాయి రోడ్డు వైపే చూస్తోంది, మెడ కొంచెం సాచి. ఇద్దరూ తల ఎత్తలేదు. ఆయన పిలవలేదు.

రెండు సీట్ల మధ్య గుంటలో, పొద్దున ఆయన సగం తాగి వదిలేసిన నీళ్ళసీసా ఉంది. కారు ఆగినప్పుడు అందులో నీళ్ళు కొంచెం ముందుకు ఒరిగాయి, మెల్లిగా వెనక్కి వచ్చాయి, సమంగా నిలిచాయి.